చెరువు మొజాయిక్ అందంగా వచ్చింది, కానీ కట్ట వంకర తిరిగింది. ఎక్కడ తప్పు చేశాను?

కట్టమీదోడు | ఫిబ్రవరి 9, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నాది నారాయణపేట జిల్లాలో ఒక పల్లె. మా ఊరి చెరువు ఇంచుమించు 40 ఎకరాలు. శిఖం భూమిలోకి, అంటే చెరువు నిండితే నీళ్ళు నిలిచే నేలలోకి, పొలం గట్లు ఏటా కొంచెం కొంచెంగా జరుగుతున్నాయని ఊళ్ళో ఎప్పుడూ గొడవే. నోటి మాటలతో తేలేది కాదని, చెరువు మొత్తాన్ని పై నుంచి ఫొటోలు తీసి ఒకే మ్యాపుగా అతికిద్దామని నేనూ ఇద్దరు స్నేహితులూ పూనుకున్నాం.

నా దగ్గర డీజేఐ మినీ 2 డ్రోన్ ఉంది, 249 గ్రాములది. ఫొటోలు తీసుకొచ్చి పనోరమాలు అతికించే ఒక సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పది నిమిషాల్లో బొమ్మ వచ్చేసింది. వాట్సాప్ గ్రూపులో పెడితే ఊరంతా మెచ్చుకున్నారు. తర్వాత దాన్ని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో శాటిలైట్ చిత్రం మీద పెట్టి చూశాను. తిన్నగా ఉండే కట్ట విల్లులా వంగి ఉంది. తూము దగ్గర సరిపెడితే అలుగు 40 మీటర్లు పక్కకి పోతోంది, అలుగు దగ్గర సరిపెడితే తూము పోతోంది. లాగి లాగి విసుగొచ్చింది. అతికించిన చోట్లు కంటికి కనపడవు, అంత నున్నగా ఉంది. మరి వంకర ఎందుకొచ్చినట్టు?

డాకర్‌దాసు | ఫిబ్రవరి 9, రాత్రి 10:15

బ్రో, నున్నగా ఉండటమే నీ సమస్య. పనోరమా సాఫ్ట్‌వేర్‌కి కావాల్సింది అతుకు కనపడకపోవడం. అందుకోసం అది ఫొటోని సాగదీస్తుంది, వంచుతుంది, తిప్పుతుంది. మనిషి ఒకే చోట నిలబడి తల తిప్పుతూ తీసిన ఫొటోలకి ఆ లెక్క సరిపోతుంది. నీ డ్రోన్ ఒక చోట నిలబడలేదు, అర కిలోమీటరు తిరిగింది. హ్యూజిన్ లాంటి మంచి సాఫ్ట్‌వేర్‌తో చేసినా ఇదే వస్తుంది, అది ఆ పని కోసం పుట్టింది కాదు.

నీకు కావాల్సింది ఆర్థోమొజాయిక్. ముందు ఫొటోల నుంచి నేల ఎత్తుపల్లాలు కట్టి, ఆ ఎత్తుల్ని బట్టి ప్రతి పిక్సెల్‌ని దాని చోట కూర్చోబెట్టేది. డబ్బు పెట్టకుండా అయితే వెబ్‌ఓడీఎం. డాకర్‌లో (ఇలాంటి ప్రోగ్రాముల్ని మన కంప్యూటర్లో నడిపించే సాధనం) ఎక్కించుకుంటే ఉచితమే. మెటాషేప్ కూడా బాగుంటుంది, కానీ ఆర్థోమొజాయిక్ కావాలంటే ప్రొఫెషనల్ ఎడిషనే కొనాలి, స్టాండర్డ్‌లో రాదు. 30 రోజుల ట్రయల్ ఇస్తారు. పిక్స్‌4డీ ధర చూసి పేజీ మూసేశాను, దాని సంగతి వాడినవాళ్ళే చెప్పాలి.

ఎన్ని ఫొటోలు, ఎంత ఎత్తు, ఎన్ని సెకన్లకి ఒకటి? అది చెప్పు ముందు.

కట్టమీదోడు | ఫిబ్రవరి 10, ఉదయం 6:55

136 ఫొటోలు. 60 మీటర్ల ఎత్తు. 5 సెకన్లకి ఒకటి చొప్పున టైమర్ పెట్టాను, స్పీడు సెకనుకి 5 మీటర్లు. చేత్తోనే నడిపాను, వరసకీ వరసకీ మధ్య 60 మీటర్లు ఉండొచ్చు. పొలం గట్లు గుర్తు పెట్టుకుని పోయాను.

పాతనెగటివ్ | ఫిబ్రవరి 10, ఉదయం 11:20

బాబూ, నీ లెక్క చూస్తే నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకు. నీకు తెలియకుండానే మా కాలం నాటి కొలత పట్టుకున్నావు. నీ కెమెరా 60 మీటర్ల నుంచి నేల మీద దాదాపు 82 మీటర్ల వెడల్పు, 61 మీటర్ల పొడవు చూస్తుంది. 25 మీటర్లకొక ఫొటో అంటే ముందు వెనక ఫొటోలు 59 శాతం కలుస్తాయి. వరసల మధ్య 60 మీటర్లంటే పక్కకి 27 శాతం. విమానంలో ఫిల్ము కెమెరా పెట్టి తీసే రోజుల్లో మా నియమం 60, 30. స్టీరియోస్కోప్ కింద పెట్టి రెండు కళ్ళతో చూసే మనిషికి అది చాలు. సాఫ్ట్‌వేర్‌కి చాలదు, దానికి ఒకే చోటుని అయిదారు ఫొటోల్లో చూపించాలి.

1980ల్లో నేను హైదరాబాద్‌లో ఈ పనే చేశాను. 23 సెంటీమీటర్ల చదరపు ప్రింట్లు. ఒక్కో ప్రింటులో మధ్య భాగమే వాడుకునేవాళ్ళం, అంచులు పారేసేవాళ్ళం. అంచుని కత్తెరతో కోస్తే గీత కనపడుతుంది. అందుకని చేత్తో ఏటవాలుగా చింపి, వెనక వైపు ఎమెరీ కాగితంతో రుద్ది పొరలా పల్చగా చేసి బోర్డు మీద అంటించేవాళ్ళం. రోడ్డు రోడ్డుతో కలిసిందా, కాలవ కాలవతో కలిసిందా అని చూసుకుంటూ పోతే నాలుగో వరసకి వచ్చేసరికి ఎక్కడో ఒక ఊరు సగం మాయమయ్యేది! దాన్ని అన్‌కంట్రోల్డ్ మొజాయిక్ అనేవాళ్ళం. నేల మీద కొలిచిన బిందువులకి సరిపెట్టి అతికించినదైతే కంట్రోల్డ్. నువ్వు చేసింది మొదటి రకం, చింపే పని కంప్యూటరు చేసిపెట్టింది అంతే.

ఇక కట్ట ఎందుకు వంగిందంటావా. నీ కట్ట 6 మీటర్ల ఎత్తు అనుకుందాం. డ్రోన్ చెరువు నేల నుంచి 60 మీటర్ల పైన ఉంది. ఫొటో మధ్య నుంచి 35 మీటర్ల దూరంలో కట్ట తల కనపడితే అది తన అసలు చోటు నుంచి బయటికి ఎంత జరిగి కనపడుతుంది? 35 ఇంటూ 6 బై 60. మూడున్నర మీటర్లు. అదే చోట 15 మీటర్ల తాడిచెట్టు ఉంటే దాని తల 8 మీటర్ల పైనే జరుగుతుంది. పక్క ఫొటోలో అదే కట్ట అవతలి వైపుకి జరిగి ఉంటుంది. ఈ రెంటినీ కలిపి కుట్టమంటే సాఫ్ట్‌వేర్ నేలనే వంచి కుడుతుంది. ఒక్కో అతుకు దగ్గర ఇంత తప్పు, అది పోగవుతూ పోతే చివరికి నీ 40 మీటర్లు.

కట్టమీదోడు | ఫిబ్రవరి 10, రాత్రి 8:30

సార్, ఇలా ఎవరూ చెప్పలేదు. చాలా థాంక్స్.

ఉన్న 136 ఫొటోలే వెబ్‌ఓడీఎంలో వేశాను. చెరువు మధ్యలో పెద్ద బొక్క. కట్ట వైపు ఒక ముక్క, పొలాల వైపు ఒక ముక్క వచ్చాయి, రెంటికీ పొత్తు లేదు. 136లో 81 ఫొటోలే తీసుకున్నట్టు రిపోర్టులో ఉంది. అయినా కట్ట వైపు ముక్కలో కట్ట తిన్నగా ఉంది!

కోనసీమోడు | ఫిబ్రవరి 10, రాత్రి 9:05

బొక్క పడింది నీళ్ళున్న చోటే కదండీ? మాకు ఇది రోజూ ఉన్న తంటా. నీళ్ళలో పట్టుకోడానికి సాఫ్ట్‌వేర్‌కి ఏమీ దొరకదు. అది ప్రతి ఫొటోలో రాయి, తుప్ప, పగులు లాంటి వేల గుర్తులు వెతికి, పక్క ఫొటోలో అవే గుర్తులు ఎక్కడున్నాయో చూసి, దాన్ని బట్టి కెమెరా ఎక్కడ నిలబడిందో లెక్క కడుతుంది. అలలు ఒక ఫొటోలో ఉన్నట్టు ఇంకో దాంట్లో ఉండవు. పైగా మధ్యాహ్నం ఎండ మెరుపు.

కొబ్బరితోట కూడా అంతే. మట్టలు గాలికి ఊగుతాయి, ఏ చెట్టు చూసినా ఒకేలా ఉంటుంది. నేను 60 మీటర్ల మీద నాలుగుసార్లు చేసి ఓడిపోయి, 100కి ఎక్కి ఓవర్‌ల్యాప్, అంటే ఫొటోలు కలిసే భాగం, 85 శాతం చేస్తే అప్పుడు కుదిరింది. వరి ఈనిక మీద ఉన్నప్పుడు గాలి వేళ అసలు ఎగరెయ్యొద్దు.

మీకు తొందర లేకపోతే మే దాకా ఆగండి. చెరువు ఎండాక తియ్యండి.

డాకర్‌దాసు | ఫిబ్రవరి 10, రాత్రి 9:30

కోనసీమ అన్న చెప్పిందే రైట్. నెర్రెలిచ్చిన నల్లరేగడి కంటే సాఫ్ట్‌వేర్‌కి ఇష్టమైన నేల ఇంకోటి లేదు. ఏ రెండు పగుళ్ళూ ఒకేలా ఉండవు.

లెక్క రాసుకో. సెన్సార్ వెడల్పు 6.17 మిల్లీమీటర్లు, లెన్స్ ఫోకల్ లెంగ్త్ 4.49, ఫొటో అడ్డంగా 4000 పిక్సెళ్ళు. 60 మీటర్ల ఎత్తులో ఒక పిక్సెల్ నేల మీద 2.06 సెంటీమీటర్లు. దీన్నే జీఎస్‌డీ అంటారు. గట్టు కనపడటానికి ఇది ఎక్కువే. ముందుకి 80 శాతం కలవాలంటే 12 మీటర్లకొక ఫొటో. నీ డ్రోన్ టైమర్ 2 సెకన్ల దాకా దిగుతుంది, కాబట్టి స్పీడు సెకనుకి 6 మీటర్లు. పక్కకి 70 శాతం అంటే వరసల మధ్య 25 మీటర్లు. 400 మీటర్ల చదరానికి 17 వరసలు, వరసకి 34 ఫొటోలు, మొత్తం 580 దాకా. రెండు బ్యాటరీలు ఖాయం, మూడోది జేబులో పెట్టుకో.

షటర్ 1/500 కంటే తగ్గకూడదు. ఆ స్పీడులో అంతలోపు డ్రోన్ 1.2 సెంటీమీటర్లు జరుగుతుంది, పిక్సెల్ కంటే తక్కువ, మసక రాదు. ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ లాక్ చెయ్యి, లేకపోతే ఒక వరస పసుపు, ఒక వరస నీలం వస్తాయి. నీ కెమెరాకి మెకానికల్ షటర్ లేదు, పై వరస పిక్సెళ్ళు ముందు, కింద వరస తర్వాత చదువుతుంది. వెబ్‌ఓడీఎంలో రోలింగ్ షటర్ ఆప్షన్ ఆన్ చేస్తే కొంత సర్దుతుంది.

రోవర్‌రాజు | ఫిబ్రవరి 11, ఉదయం 7:10

సర్వే పని చేస్తాను, ఆంధ్ర వైపు. ఒక మాట ముందే చెప్పాలి. డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల లోపు నానో కిందకి వస్తుంది, పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. అలాగని ఎక్కడ పడితే అక్కడ ఎగరెయ్యకూడదు. ఎయిర్‌స్పేస్ మ్యాపులో మీ ఊరు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోండి. గ్రీన్ అయితే 400 అడుగుల దాకా పర్వాలేదు. మ్యాపు చేసుకోవడానికి మనవాళ్ళకి ముందస్తు అనుమతి అక్కర్లేదని 2021 ఫిబ్రవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది.

రెండోది. శాటిలైట్ చిత్రం మీద పెట్టి సరిచూశానన్నారు. అది కూడా కొన్ని మీటర్లు పక్కకి ఉండొచ్చు. ఇస్రో వాళ్ళ భువన్ మ్యాపులో ఒకలా, ఇంకో దాంట్లో ఒకలా కనపడితే ఏది నిజమంటారు? నేల మీద బిందువులు కొలిచి పెట్టుకోండి.

కట్టమీదోడు | ఫిబ్రవరి 11, రాత్రి 9:15

గ్రీన్ జోనే అన్నా, చూశాను. సరే, మే దాకా ఆగుతాను. ఈ చర్చ మూసెయ్యకండి.

కట్టమీదోడు | మే 14, రాత్రి 11:50

మళ్ళీ వచ్చాను. చెరువు పూర్తిగా ఎండింది. పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టాం. ఎండ ముదిరితే డ్రోన్ కంటే ముందు ఫోన్ వేడెక్కి స్క్రీన్ మసకబారుతోంది. 592 ఫొటోలు. దాసు చెప్పిన లెక్క అక్షరాలా పాటించాను.

ఇప్పుడు కొత్త టెన్షన్. వెబ్‌ఓడీఎంలో వేస్తే రెండు గంటలు నడిచి ఆగిపోతోంది. ఎర్రగా 137 అని చూపిస్తోంది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ అంతే. ల్యాప్‌టాప్ 16 జీబీ ర్యామ్, విండోస్.

డాకర్‌దాసు | మే 15, ఉదయం 8:05

137 అంటే ర్యామ్ చాలక సిస్టమే ఆ ప్రోగ్రాముని చంపేసింది. నీది 16 జీబీ అనుకుంటున్నావు, కానీ విండోస్‌లో డాకర్ నడిచే లోపలి లైనక్స్‌కి మామూలుగా సగమే ఇస్తారు. అంటే 8తో నడుపుతున్నావు. సెట్టింగ్ ఫైల్‌లో ఆ హద్దు పెంచుకోవచ్చు, కానీ 592 ఫొటోలకి 16 కూడా చాలదు. వాళ్ళ మాన్యువల్ లెక్క 250 ఫొటోలకి 16, 500కి 32 అని ఉంటుంది.

నీకు మూడు దారులు. స్ప్లిట్ ఆప్షన్‌లో 150 అని పెడితే ముక్కలు ముక్కలుగా చేసి చివర్లో కలుపుతుంది, టైము ఎక్కువ పడుతుంది. ఫొటోల సైజు సగానికి తగ్గిస్తే నడుస్తుంది, కానీ ఎత్తుల్లో నాణ్యత పోతుంది. ఫాస్ట్ ఆర్థోఫోటో అని ఒకటుంది, అది పొలాల్లాంటి చదును నేలకి సరే, నీకు కట్ట ఉంది, ఎత్తులు కావాలి, దాని జోలికి పోకు. అన్నిటికంటే మంచిది ఎవరిదైనా పెద్ద సిస్టమ్ అడుక్కోవడం.

కట్టమీదోడు | మే 17, రాత్రి 10:30

దొరికింది! మక్తల్‌లో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే అన్న ఒకాయన దగ్గర 64 జీబీ సిస్టమ్ ఉంది. మంచి ముహూర్తాల సీజను, పగలు ఖాళీ లేదన్నాడు. రాత్రి పదకొండుకి మొదలుపెట్టి పొద్దున ఆరుకి తీసుకున్నాను. ఆర్థోఫోటో అద్భుతం. నెర్రెలు కూడా లెక్కపెట్టొచ్చు. కట్ట తిన్నగా ఉంది, తూము, అలుగు రెండూ దేని చోట అవి ఉన్నాయి.

కానీ ఎత్తుల మ్యాపు తెరిస్తే చెరువు మధ్యలో గుట్ట ఉంది. అంచుల కంటే మధ్య భాగం మీటరున్నర ఎత్తు. చెరువు అంటేనే మధ్యలో లోతు కదా! 2015 తర్వాత మిషన్ కాకతీయలో పూడిక తీసింది కూడా మధ్యలోనే. ఊళ్ళో ఇది చూపిస్తే నా పరువు పోతుంది.

పాతనెగటివ్ | మే 18, ఉదయం 10:40

అది గుట్ట కాదు బాబూ, లెన్సు. ఏ లెన్సైనా ఫొటో అంచుల్ని కొంచెం వంచుతుంది. ఎంత వంచుతుందో సాఫ్ట్‌వేర్ తనంతట తాను అంచనా వేసుకుంటుంది. అన్ని ఫొటోలూ ఒకే ఎత్తు నుంచి, నిట్టనిలువుగా కిందకి చూస్తూ తీస్తే దానికి రెండు జవాబులూ ఒకేలా కనపడతాయి: లెన్సు వంగిందా, నేల ఉబ్బిందా? రెంటికీ ఫొటోల్లో ఒకే సాక్ష్యం. చిన్న తప్పు లెన్సు లెక్కలో పడితే నేల మొత్తం బోర్లించిన పళ్ళెం అవుతుంది. డోమింగ్ అంటారు. చదునైన నేల మీదే ఇది ఎక్కువ.

మందు రెండు రకాలు. కెమెరాని 25, 30 డిగ్రీలు ఏటవాలుగా తిప్పి ఇంకో యాభై అరవై ఫొటోలు తీసి కలుపు. ఆ వాలు ఫొటోలు ఉబ్బుని ఒప్పుకోవు. రెండోది నేల బిందువులు. చుట్టూ అంచుల్లో పెట్టి ఊరుకోకు, చెరువు నడిమధ్యలో ఒకటైనా ఉండాలి. చాలామంది అక్కడే తప్పు చేస్తారు, నడవడానికి బద్ధకించి.

రోవర్‌రాజు | మే 18, మధ్యాహ్నం 1:15

సార్ చెప్పింది నూటికి నూరు. కనీసం 8 బిందువులు పెట్టండి. 5 సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వండి, 3 దాచుకోండి. దాచుకున్న మూడింటి దగ్గర మ్యాపు ఎంత తేడా చూపిస్తుందో అదే మీ అసలు తప్పు. ఇచ్చిన వాటి దగ్గర తప్పు తక్కువ ఉండటంలో గొప్పేం లేదు, జవాబు చూసి రాసిన పరీక్ష అది.

అద్దెకి రోవర్ (చోటు కచ్చితంగా కొలిచే జీపీఎస్ పరికరం) ఉన్న ప్రైవేట్ సర్వేయర్‌ని ఒక పూట పిలిపించండి. గుర్తులకి ఫ్లెక్సు ముక్కలు వద్దు, గాలికి లేస్తాయి, మేకలు తొక్కుతాయి. కొట్లో దొరికే సున్నంతో మీటరు పొడవున ఇంటూ గుర్తు వెయ్యండి. ఒకటి తప్పకుండా అలుగు సిమెంటు తల మీద పెట్టండి, ఎందుకో తర్వాత చెప్తాను.

కట్టమీదోడు | మే 21, రాత్రి 9:20

అన్నా, నవ్వకండి. మా చెరువు బంగాళాఖాతంలో పడింది.

సర్వేయర్ ఇచ్చిన 8 బిందువులు ఫైల్‌లో రాశాను. మొదటి లైనులో జోన్ రాయాలి కదా, అంటే భూగోళాన్ని నిలువు పట్టీలుగా కోసిన యూటీఎం లెక్కలో మన పట్టీ నంబరు. తెలంగాణ అంతా 44 అని ఎక్కడో చదివి దాని కోడ్ ఈపీఎస్‌జీ 32644 అని పెట్టాను. క్యూజీఐఎస్‌లో చూస్తే విశాఖపట్నానికి దక్షిణాన, సముద్రంలో వంద కిలోమీటర్ల అవతల తేలుతున్నాయి బిందువులు.

పలాసగాలి | మే 21, రాత్రి 9:45

ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇది మాత్రం నా సబ్జెక్టు. తెలుగు రాష్ట్రాలు ఒక జోన్‌లో ఇమడవు, మూడింట్లో ఉన్నాయి. 78 డిగ్రీల రేఖాంశం మహబూబ్‌నగర్, కర్నూలు పక్కల నుంచి దిగుతుంది. దానికి పడమర ఉన్న జహీరాబాద్, తాండూరు, మీ నారాయణపేట, ఆదోని, అనంతపురం 43వ జోన్. 84కి తూర్పున మా పలాస, సోంపేట, ఇచ్ఛాపురం 45. మధ్యలోదంతా 44. శ్రీకాకుళం పట్నం 44లో, మేం 45లో! ఒకే జిల్లా రోడ్డుని రెండు జోన్లలో గీసి చచ్చిపోయాను ఒకసారి.

మీది 32643 పెట్టండి. సముద్రంలోంచి లేచొస్తుంది.

కట్టమీదోడు | మే 22, ఉదయం 7:30

లేచొచ్చింది 😀 ఇవాళ సాయంత్రం వాలు ఫొటోలు కూడా తీసి, రాత్రికి పెళ్ళి సిస్టమ్ మీద వేస్తాను. ఆయన కూడా ఇప్పుడు ఇంటరెస్టుగా చూస్తున్నాడు, పక్కన కుర్చీ వేసుకుని.

కట్టమీదోడు | మే 24, రాత్రి 8:10

658 ఫొటోలు, 5 బిందువులు. గుట్ట పోయింది! మధ్యలో లోతు, తూము వైపు వాలు, అన్నీ మా పెద్దలు చెప్పినట్టే ఉన్నాయి. దాచుకున్న 3 బిందువుల దగ్గర అడ్డంగా తేడా 4 సెంటీమీటర్లు, ఎత్తులో 9. నమ్మకం కుదరక టేపు పట్టుకుని తూము నుంచి అలుగు దాకా కట్ట మీద కొలిచాం. 312 మీటర్ల మీద తేడా 11 సెంటీమీటర్లు, అందులో మా టేపు సాగినది ఎంతో దేవుడికెరుక.

ఇంకో అనుమానం. అలుగు తల ఎత్తు రోవర్‌లో 340 చిల్లర. నీటిపారుదల వాళ్ళ పాత కాగితంలో 410 పైన ఉంది. 70 మీటర్లకి పైగా తేడా! ఏది తప్పు?

రోవర్‌రాజు | మే 24, రాత్రి 9:00

రెండూ రైటే. ఇందుకే అలుగు మీద బిందువు పెట్టమన్నాను. జీపీఎస్ కొలిచే ఎత్తు భూమిని నున్నటి గుడ్డులా ఊహించుకుని, ఆ గుడ్డు పైన ఎంత అని చెబుతుంది. కాగితంలోది సముద్రమట్టం పైన ఎంత అని. మన దగ్గర సముద్రమట్టం ఆ గుడ్డు కంటే బాగా కిందకి ఉంటుంది, హిందూ మహాసముద్రంలో శ్రీలంక దిగువన ఉన్న ప్రపంచంలోకెల్లా పెద్ద పల్లం ప్రభావం అది. హైదరాబాద్ దగ్గర తేడా 75 మీటర్ల పైచిలుకు. కొత్తగా చేరిన కుర్రాళ్ళు తీరంలో పని చేసి ‘సార్, ఊరు మైనస్ 60 మీటర్లలో ఉంది, మునిగిపోయిందా’ అని ఫోన్ చేస్తారు.

మీకు ఆ గొడవే అక్కర్లేదు. అలుగు తలే నిండు చెరువు మట్టం. మీ ఎత్తుల మ్యాపులో అలుగు తల ఎంతుందో అంతే ఎత్తుకి ఒక కాంటూర్ గీత (ఒకే ఎత్తున్న చోట్లని కలిపేది) గీయించండి. క్యూజీఐఎస్‌లో రెండు క్లిక్కుల పని. ఆ గీత లోపలిదంతా చెరువు నిండితే నీళ్ళొచ్చే చోటు. గుడ్డు ఎత్తైనా సముద్రం ఎత్తైనా ఒకటే, రెండు వైపులా ఒకే కొలత వాడితే చాలు.

కట్టమీదోడు | మే 25, సాయంత్రం 6:40

గీశాను. పడమర వైపు గీత పిచ్చిపిచ్చిగా మెలికలు తిరిగి మధ్యలో దీవులు వస్తున్నాయి.

కోనసీమోడు | మే 25, సాయంత్రం 7:00

అక్కడ చెట్లున్నాయా?

కట్టమీదోడు | మే 25, సాయంత్రం 7:05

సర్కారు తుమ్మ. అడివిలా ఉంది.

కోనసీమోడు | మే 25, సాయంత్రం 7:20

అంతే మరి. పై నుంచి కెమెరాకి కనపడేది తుమ్మ తల, నేల కాదు. మీ గీత చెట్లెక్కి దిగుతోంది. డీఎస్‌ఎం (చెట్లతో సహా పైన కనపడే ఎత్తుల మ్యాపు) బదులు డీటీఎం (వట్టి నేల ఎత్తుల మ్యాపు) అడిగితే చెట్లు తీసేసి నేల అంచనా వేస్తుంది, కానీ దట్టమైన తుమ్మ కింద అది ఊహే. ఆ ముక్క వరకు రోవర్ పట్టుకుని ముళ్ళలో నడవాల్సిందే. కొబ్బరితోటలో నేను అదే చేస్తాను.

శిఖంసేన | మే 26, ఉదయం 9:30

ఇంకేం ఆలోచిస్తున్నారు? గీత లోపల ఎవడి గట్టు ఉంటే వాడి పేరు రాసి మ్యాపు కలెక్టరాఫీసులో పెట్టండి, పేపర్లకి కూడా ఇవ్వండి. 9 సెంటీమీటర్ల తేడాతో ఎవడు తప్పించుకుంటాడు?

రోవర్‌రాజు | మే 26, ఉదయం 10:10

ఆగండి. ఎత్తులో 9 సెంటీమీటర్ల తేడా అంటే చిన్నది కాదు. శిఖంలో నేల వాలు చాలా తక్కువ. వందకి ఒకటి వాలున్న చోట 9 సెంటీమీటర్ల ఎత్తు అంటే గీత అడ్డంగా 9 మీటర్లు జరుగుతుంది. అంచు మీదున్న చిన్న రైతు గట్టు మీ తప్పు వల్ల లోపల పడొచ్చు. గీతకి రెండు వైపులా ఆ వెడల్పున ఒక పట్టీ గీసి, పట్టీలో ఉన్నవాటి జోలికి పోకండి. 50 మీటర్లు లోపలికి వచ్చినవి ఎలాగూ కనపడతాయి.

ఇంకోటి, పట్టా ఎవరిది, శిఖం హద్దు ఎక్కడ అనేది ఈ ఫొటో చెప్పదు. దానికి టిప్పన్ (సర్వే నంబరు కొలతల పటం) ఉండాలి, రెవెన్యూ వాళ్ళు కొలవాలి. మా దగ్గర రీసర్వేలో డ్రోన్ మొజాయిక్‌లు ఊరూరికీ తయారయ్యాయి, ఓఆర్‌ఐ అంటాం. అయినా రోవర్ పట్టుకుని, రైతుని గట్టు మీద నిలబెట్టి, సరిచూసుకున్నాకే హద్దు రాసుకున్నాం. పై నుంచి చూస్తే గట్టులా కనపడినవి కొన్ని పశువుల బాటలు.

పాతనెగటివ్ | మే 26, ఉదయం 11:30

రాజుగారి మాట వినండి. మ్యాపు కింద మూల మూడు సంగతులు తప్పకుండా వెయ్యి బాబూ: ఏ తారీఖున తీసింది, ఏ జోను, దాచుకున్న బిందువుల దగ్గర ఎంత తేడా. మేం వేసేవాళ్ళం. ఆ తప్పు రాయని మ్యాపుని మా పైఅధికారి బల్ల మీదే చించేవాడు.

కట్టమీదోడు | మే 29, రాత్రి 9:55

మూడూ వేశాను సార్. పట్టీ కూడా గీశాను. పట్టీలో పడినవి 7 గట్లు, అందులో ఒకటి మా పెద్దనాన్నది. మా ఇంట్లో ఇది ఇంకా ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పంచాయతీలో చూపించాలి. 500 మీటర్లకి ఒక మీటరు స్కేలు, అంటే 80 సెంటీమీటర్ల చదరం. టౌన్లో ఫ్లెక్సు షాపుకి తీసుకెళ్ళాను. అతను తన ఫ్రేము సైజు 4 అడుగులు ఇంటూ 3 అడుగులని బొమ్మని పక్కకి లాగి పరిచేశాడు, చెరువు గుడ్డులా తయారైంది. లాగొద్దు, చుట్టూ తెలుపు వదులు అని నేనంటే, ‘అంత తెలుపు ఖాళీగా ఉంటే బాగోదు అన్నా, పై మూలల్లో ఎవరి ఫొటోలు పెట్టమంటారు’ అని అడిగాడు.

డాకర్‌దాసు | మే 29, రాత్రి 10:05

ఏమన్నావు?

కట్టమీదోడు | మే 29, రాత్రి 10:08

ఒక మూల ఉత్తర దిక్కు బాణం, ఇంకో మూల స్కేలు గీత పెట్టించాను. బాణం ఏ పార్టీ గుర్తు అన్నా అని అడిగాడు.